పీహెచ్‌డీలో నెలనెలా డబ్బు వేసేది ఎవరు?

"పీహెచ్‌డీ చేయాలంటే ఏ పరీక్ష రాయాలండీ?" ఎం.ఎస్సీ ఆఖరి సెమిస్టర్‌లో ఉన్నవాళ్లు, బీటెక్ అయ్యాక ఉద్యోగంలో విసుగెత్తినవాళ్లు, ఇంజినీరింగ్ కాలేజీల్లో పాఠాలు చెప్పుకుంటున్నవాళ్లు అందరూ అడిగేది ఇదే. ఒక్క ముక్కలో జవాబు చెప్పలేం. నీట్‌కో జేఈఈకో ఉన్నట్టు ఒకే పరీక్ష, ఒకే ర్యాంకుల జాబితా, ఒకే కౌన్సెలింగ్ పీహెచ్‌డీకి లేవు. సీఎస్ఐఆర్ నెట్, గేట్, ఫిజిక్స్ వాళ్లకి జెస్ట్, టీఐఎఫ్ఆర్ వాళ్ల జీఎస్, మ్యాథ్స్‌కి ఎన్‌బీహెచ్ఎం, బయోటెక్నాలజీకి బెట్, ఏపీలో ఆర్‌సెట్... వీటన్నిటినీ ఒకచోట రాసుకుని చూస్తే ఎవరికైనా టెన్షనే.

నేనైతే పరీక్షల జాబితా పక్కన పెట్టి వేరే ప్రశ్నతో మొదలుపెట్టమంటాను. ఆ ఐదేళ్లూ నెలనెలా మీ ఖాతాలో డబ్బు వేసేది ఎవరు? ఏ పరీక్ష రాయాలి, ఎవరికి జవాబు చెప్పుకోవాలి, గైడ్‌తో పడకపోతే మారొచ్చా, ప్రాజెక్టు ఆగిపోతే ఎక్కడ తేలతాం, ఇవన్నీ ఆ డబ్బు వచ్చే దారిని బట్టే ఉంటాయి. సీటు రావడం వేరు, ఫెలోషిప్ (పరిశోధన చేసేవాళ్లకి నెలనెలా ఇచ్చే డబ్బు) రావడం వేరు, గైడ్ దొరకడం వేరు. మూడూ ఒకేసారి చేతికొచ్చే చోట్లు ఉన్నాయి, మూడింటికీ విడివిడిగా తిరగాల్సిన చోట్లూ ఉన్నాయి. అప్లికేషన్ పెట్టేటప్పుడు ఈ తేడా పట్టించుకోనివాళ్లే మూడో ఏడాదిలో తల పట్టుకుంటారు.

మొదటి దారి అందరూ కలలుగనే జేఆర్ఎఫ్, అంటే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్. దానికోసం సైన్స్ వాళ్లు రాసే పరీక్ష సీఎస్ఐఆర్-యూజీసీ నెట్, ఏడాదికి రెండు విడతలు, జూన్ పేరుతో ఒకటి, డిసెంబర్ పేరుతో ఒకటి. కెమికల్, ఫిజికల్, లైఫ్, మ్యాథమెటికల్ సైన్సెస్‌తో పాటు భూమి, వాతావరణం, సముద్రాలకి సంబంధించిన పేపర్ ఒకటి ఉంటుంది. జేఆర్ఎఫ్ కొడితే మొదటి రెండేళ్లు నెలకి 37,000 రూపాయలు, ఆ తర్వాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ రీసెర్చ్ ఫెలో)గా మూడేళ్లు 42,000. ఈ రేట్లు 2023 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి, అంతకు ముందు 31,000, 35,000 ఉండేవి. హాస్టల్ గది తీసుకోకపోతే ఊరిని బట్టి హెచ్ఆర్ఏ (ఇంటి అద్దె భత్యం) కలుస్తుంది. ఐదేళ్లకి లెక్కేస్తే హెచ్ఆర్ఏ కాకుండా సరిగ్గా 24 లక్షలు.

జేఆర్ఎఫ్‌లో అసలు బలం ఆ అంకెలో లేదు. ఆ ఫెలోషిప్ మీ పేరు మీద ఉంటుంది, గైడ్ పేరు మీదో డిపార్ట్‌మెంట్ పేరు మీదో కాదు. అందుకే జేఆర్ఎఫ్ ఉన్న క్యాండిడేట్ అంటే ప్రొఫెసర్లకి ఇష్టం, తమ ప్రాజెక్టు డబ్బులోంచి జీతం ఇవ్వక్కర్లేదు కదా. పరిస్థితి బాగా చెడితే, నానా సంతకాలూ పెట్టించుకుని, అనుమతులు తెచ్చుకుని ఫెలోషిప్‌తో సహా ఇంకో చోటికి మారే అవకాశం కూడా ఉంటుంది. అదేమీ సులువు కాదు, అయినా తలుపు మాత్రం ఉంది. మిగతా దారుల్లో చాలాచోట్ల ఆ తలుపే ఉండదు.

ఇక్కడ ఒక మెలిక. 2024 జూన్ విడత నుంచి నెట్ ఫలితాలు మూడు రకాలుగా వస్తున్నాయి. జేఆర్ఎఫ్‌తో పాటు అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత ఒకటి, అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హతతో పాటు పీహెచ్‌డీ ప్రవేశం రెండోది, కేవలం పీహెచ్‌డీ ప్రవేశం మూడోది. రెండో, మూడో రకం వాళ్లకి నెట్ మార్కులకి 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం వెయిటేజీ ఇచ్చి సీటు ఇస్తారు, ఆ స్కోరు ఒక్క ఏడాదే చెల్లుతుంది. ఇంట్లో వాళ్లకి "నెట్ వచ్చింది" అని ఫోన్ చేసి చెప్పేస్తారు, వాళ్లు స్వీట్లు పంచేస్తారు, కానీ ఆ రెండు రకాల్లోనూ పైసా ఫెలోషిప్ లేదు. లైన్‌లో నిలబడే అర్హత మాత్రమే వచ్చింది. సీటొచ్చాక డబ్బు సంగతి మళ్లీ మొదట్నుంచి చూసుకోవాలి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ లాంటి కేంద్ర విశ్వవిద్యాలయంలో చేరితే జేఆర్ఎఫ్ లేనివాళ్లకి నాన్-నెట్ ఫెలోషిప్ కింద నెలకి 8,000 ఇస్తూ వచ్చారు. 8,000తో హైదరాబాద్‌లో నెల గడపడం ఎలాగో నన్ను అడగొద్దు. రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల అది కూడా గ్యారంటీ కాదు.

కాబట్టి ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులు కేంద్రం ఇచ్చే నేషనల్ ఫెలోషిప్‌లనీ, పీజీలో యూనివర్సిటీ ఫస్ట్ వచ్చినవాళ్లు డీఎస్టీ (కేంద్ర సైన్స్ అండ్ టెక్నాలజీ శాఖ) వాళ్ల ఇన్‌స్పైర్‌నీ, అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ లేని ఒక్కగానొక్క ఆడపిల్ల అయితే సావిత్రిబాయి జ్యోతిరావు ఫూలే ఫెలోషిప్‌నీ తప్పకుండా చూడాలి. వీటికి జేఆర్ఎఫ్ అంత పేరు లేకపోయినా ఇవి కూడా మీ పేరు మీద వచ్చే డబ్బే. మైనారిటీ విద్యార్థులకి ఉండే మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ని మాత్రం 2022లో ఆపేశారు. ఇప్పటికీ పాత వీడియోలు చూసి దాని గురించి అడిగేవాళ్లున్నారు.

ఈ దారిలో మరో తలనొప్పి, డబ్బు వేళకి రాకపోవడం. యూజీసీ ఫెలోషిప్ సంగతే తీసుకోండి. మీరు ఆ నెల పనిచేశారని మీ సంస్థ ప్రతి నెలా పోర్టల్‌లో నమోదు చేయాలి. ఒక ఉద్యోగి మేకర్‌గా ఎంట్రీ వేస్తాడు, ఇంకొకరు చెకర్‌గా దాన్ని ఓకే చేస్తారు. మేకర్ సెలవులో ఉన్నా, చెకర్ బదిలీ అయినా, కొత్తవాళ్లకి లాగిన్ రాకపోయినా ఆ నెల డబ్బు ఆగుతుంది. రెండేళ్లయ్యాక జేఆర్ఎఫ్ నుంచి ఎస్ఆర్ఎఫ్‌కి మారేటప్పుడు బయటి నిపుణుడితో కలిపి కమిటీ కూర్చోవాలి, రిపోర్ట్ వెళ్లాలి, ఆ ఫైల్ తిరిగొచ్చేదాకా పాత రేటే. అందుకే సీనియర్లు చేరిన మొదటి రోజే చెప్పే మాట, ఫెలోషిప్ సెక్షన్‌లో ఎవరు కూర్చుంటారో ముందు తెలుసుకో అని. మూడు నాలుగు నెలల ఖర్చు చేతిలో పెట్టుకుని చేరమని నేను కూడా చెబుతాను. ఇంటికి డబ్బు పంపాల్సిన బాధ్యత ఉన్నవాళ్లకి అది ఎంత కష్టమో తెలిసే చెబుతున్నాను.

ఇంజినీరింగ్ వాళ్ల దారి ఇంకోలా ఉంటుంది. ఐఐటీలు, ఎన్ఐటీల్లో గేట్ స్కోరుతోనో, బీటెక్ ఐఐటీలాంటి కేంద్ర సంస్థలో మంచి సీజీపీఏతో చేసి ఉంటే చాలాచోట్ల గేట్ లేకుండానో ఇంటర్వ్యూకి పిలుస్తారు. ఎంపికైతే సంస్థే అసిస్టెంట్‌షిప్ ఇస్తుంది, అంకెలు దాదాపు జేఆర్ఎఫ్‌వే. బదులుగా వారానికి ఎనిమిది గంటల దాకా టీచింగ్ అసిస్టెంట్ పని, అంటే బీటెక్ పిల్లల ల్యాబ్ నడపడం, ట్యుటోరియల్స్, పేపర్లు దిద్దడం. ఇక్కడ సీటు, డబ్బు ఒకేసారి వస్తాయి, అదే దీని సుఖం. కాకపోతే ఆ డబ్బు ఆ గేటు దాటి బయటికి రాదు. సంస్థ మారాలనుకుంటే మళ్లీ సున్నా నుంచి మొదలు.

"ఎం.టెక్ చేయకుండా పీహెచ్‌డీ ఏంటి" అని ఇంట్లో పెద్దలు అంటూ ఉంటారు. యూజీసీ 2022 నవంబర్‌లో ఇచ్చిన నిబంధనల ప్రకారం నాలుగేళ్ల డిగ్రీ 75 శాతంతో పూర్తిచేసినవాళ్లు నేరుగా పీహెచ్‌డీకి అర్హులే, రిజర్వేషన్ వర్గాలకి ఐదు శాతం సడలింపు కూడా ఉంది. ఐఐటీల్లో డైరెక్ట్ పీహెచ్‌డీ అంతకు ముందు నుంచే నడుస్తోంది. బీఎస్సీ తర్వాత అయితే బెంగళూరు ఐఐఎస్సీలో ఇంటిగ్రేటెడ్ పీహెచ్‌డీ ఉంది, దానికి ఐఐటీలు పెట్టే జామ్ అనే పరీక్ష రాయాలి. మన డిగ్రీ కాలేజీల్లో బీఎస్సీ చదివే పిల్లలకి ఈ సంగతి చెప్పేవాళ్లే కరువు. బీఎస్సీ అంటే తర్వాత బీఎడ్, లేదంటే బ్యాంక్ కోచింగ్ అనే అలవాటు ఇంకా పోలేదు.

కేంద్ర ప్రభుత్వం 2018లో మొదలుపెట్టిన పీఎంఆర్ఎఫ్ (ప్రైమ్ మినిస్టర్స్ రీసెర్చ్ ఫెలోషిప్) ఇంకో మెట్టు పైన ఉంటుంది. మొదటి రెండేళ్లు నెలకి 70,000, మూడో ఏడాది 75,000, చివరి రెండేళ్లు 80,000. పైగా ప్రయాణాలకి, పరికరాలకి ఏటా రెండు లక్షల గ్రాంట్. జేఆర్ఎఫ్ 24 లక్షల పక్కన పెట్టి చూడండి, ఇది ఐదేళ్లకి 45 లక్షలు. ఒకే ల్యాబ్, ఒకే గైడ్, పక్కపక్క బెంచీలు, ఒకరికి ఇంకొకరికంటే దాదాపు రెట్టింపు. దీనివల్ల ల్యాబుల్లో లోలోపల కాస్త ఉడుకుమోత్తనం ఉందన్నది ఎవరూ పైకి చెప్పని నిజం. 2025-26 బడ్జెట్‌లో ఐఐటీలు, ఐఐఎస్సీలో ఐదేళ్లలో 10,000 ఫెలోషిప్‌లు ఈ పథకం కింద ఇస్తామని ప్రకటించారు. కాబట్టి ఐఐటీలో చేరేవాళ్లు ఆ ఏటి తాజా నిబంధనలు చూసుకోవడం మంచిది, ఎవరు ఎప్పుడు అప్లై చేయొచ్చన్నది మారుతూ వచ్చింది.

ఇక ప్రాజెక్టు డబ్బు. ఎక్కువమంది బోల్తాపడేది ఇక్కడే, అందుకే దీని దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుదాం.

ఏ సంస్థ వెబ్‌సైట్ తెరిచినా "జేఆర్ఎఫ్ కావలెను" అనే ప్రకటనలు కనిపిస్తాయి. అది మనం పైన చెప్పుకున్న జేఆర్ఎఫ్ కాదు. ఒక ప్రొఫెసర్‌కి డీఎస్టీ నుంచో, డీఆర్‌డీఓ నుంచో, పరిశోధనలకి డబ్బిచ్చే సెర్బ్ స్థానంలో 2023లో చట్టం చేసి తెచ్చిన ఏఎన్ఆర్ఎఫ్ నుంచో ప్రాజెక్టు వస్తే, అందులో ఒక మనిషికి జీతం రాసి ఉంటుంది. ఆ ఉద్యోగం పేరు కూడా జేఆర్ఎఫే. పేరొకటే, జీతమూ చాలాసార్లు అంతే, అందుకే తికమక. ప్రకటన అడుగున చిన్న అక్షరాల్లో "ప్యూర్లీ టెంపరరీ", "కో-టెర్మినస్ విత్ ద ప్రాజెక్ట్" అని ఉంటుంది. అంటే ప్రాజెక్టుతో పాటే మీ ఉద్యోగమూ ముగుస్తుంది. ఇంకో లైన్ కూడా వెతకండి. పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ సంస్థ నిబంధనల ప్రకారం జరుగుతుందని ఉంటుంది, ఒక్కోసారి అసలు ఆ ప్రస్తావనే ఉండదు. మర్యాదగా రాసిన ఆ వాక్యానికి అర్థం, సీటు సంగతి మాకు సంబంధం లేదు, నువ్వే వేరేగా పరీక్ష రాసి తెచ్చుకో అని.

లెక్క చూడండి. ప్రాజెక్టు సాధారణంగా మూడేళ్లు. డబ్బు మంజూరయ్యాక ప్రకటన ఇచ్చి, ఇంటర్వ్యూ పెట్టి, మీరు చేరేసరికి ఆరేడు నెలలు ఇట్టే గడుస్తాయి. పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్‌కి తర్వాతి అడ్మిషన్ల దాకా ఆగితే ఇంకో ఆరు నెలలు. మీ పీహెచ్‌డీ గడియారం మొదలయ్యేసరికి ప్రాజెక్టు గడియారంలో రెండేళ్లే మిగులుతాయి. యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు పట్టాలి, గరిష్ఠంగా ఆరేళ్లు. మరి మిగతా ఏళ్లకి డబ్బెవరిస్తారు? కొందరు ప్రొఫెసర్లకి ఒక ప్రాజెక్టు అయ్యేలోపు ఇంకోటి వస్తుంది, స్టూడెంట్‌ని ఒకదాన్నుంచి ఇంకోదానికి మారుస్తూ చివరిదాకా లాక్కొస్తారు. కొందరికి రాదు. అలాంటి చోట స్టూడెంట్ ఇంజినీరింగ్ కాలేజీలో పార్ట్‌టైమ్ పాఠాలు చెప్పుకుంటూ రాత్రిళ్లు థీసిస్ రాయాల్సి వస్తుంది.

అలాగని ప్రాజెక్టు పోస్టులు పనికిరావని కాదు. ఎం.ఎస్సీ అయ్యాక నెట్‌కి ప్రిపేర్ అవుతూ ఒక ఏడాది ల్యాబ్‌లో పనిచేస్తే పరిశోధన మన ఒంటికి సరిపడుతుందో లేదో తేలిపోతుంది. ఖాళీగా ఇంట్లో కూర్చుని కోచింగ్ నోట్సులు తిరగేయడం కంటే ఇది వంద రెట్లు నయం. పేపర్‌లో పేరు రావచ్చు, రికమండేషన్ లెటర్ దొరుకుతుంది. దాన్ని ఉద్యోగంగా చూడండి, పీహెచ్‌డీ సీటుగా చూడొద్దు, అంతే.

హైదరాబాద్‌లో ఉన్నవాళ్లకి ఇంకో మాట. సీసీఎంబీ, ఐఐసీటీ, ఎన్‌జీఆర్ఐ మూడూ సీఎస్ఐఆర్ (కేంద్ర ప్రభుత్వ శాస్త్ర పరిశోధన మండలి) ల్యాబులే. ఇవి యూనివర్సిటీలు కావు, మరి డిగ్రీ ఎవరిస్తారు? అందుకోసమే ఏసీఎస్ఐఆర్ అనే సంస్థ ఉంది, ల్యాబుల్లోని శాస్త్రవేత్తలే అందులో గైడ్లు. ఇందులో చేరితే కోర్స్‌వర్క్‌తో (పీహెచ్‌డీ మొదట్లో చదవాల్సిన తరగతులు) పాటు సీఎస్ఐఆర్-800 అనే పని కూడా చేయాలి, గ్రామాల్లోని సమస్య ఒకటి తీసుకుని కొన్ని వారాల ప్రాజెక్టు. చాలామంది దాన్ని మొక్కుబడిగా కానిస్తారు, కానీ నా లెక్కలో కోర్స్‌వర్క్ కంటే అదే మేలు. ఈ ల్యాబుల్లో చేరడానికి సాధారణంగా సొంత ఫెలోషిప్ అడుగుతారు కాబట్టి మళ్లీ కథ మొదటి దారికే వస్తుంది. గోపన్‌పల్లిలో టీఐఎఫ్ఆర్ క్యాంపస్ ఉంది, వాళ్లకి సొంత ప్రవేశపరీక్ష, సొంత డబ్బు. తిరుపతిలో ఐఐటీ, ఐసర్ రెండూ 2015లో మొదలయ్యాయి, గాదంకిలో వాతావరణ పరిశోధనకి ఎన్ఏఆర్ఎల్ ఉంది. సైన్స్ అంటే హైదరాబాద్ దాటితే బెంగళూరే అనుకునే రోజులు కావివి.

ఉద్యోగం చేస్తూ పీహెచ్‌డీ గురించి రెండు ముక్కలు చాలు. పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి పనిచేసే చోటు నుంచి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) కావాలి, జీతమే మీ ఫెలోషిప్. మన దగ్గర ఇంజినీరింగ్ కాలేజీ అధ్యాపకులు ఎక్కువగా వెళ్లే దారి ఇది. ప్రమోషన్ కోసం చేస్తున్నామని వాళ్లే చెబుతారు, అందులో తప్పేమీ లేదు. కానీ "టాపిక్ మేమే ఇస్తాం, పేపర్లు మేమే వేయిస్తాం, థీసిస్ కూడా చూసుకుంటాం" అంటూ లక్షలు అడిగే కన్సల్టెన్సీలు ఈ దారి పక్కనే కాపు కాస్తుంటాయి. 2022 నిబంధనల్లో థీసిస్ ఇచ్చేముందు పేపర్ పబ్లిష్ చేసి తీరాలన్న షరతే తీసేశారు, సంస్థ సొంతంగా పెట్టుకుంటే తప్ప. కాబట్టి డబ్బు కట్టి ఊరూపేరూ లేని జర్నల్లో వేయించుకోవాల్సిన అవసరం ఉందో లేదో ముందు మీ యూనివర్సిటీ రూల్స్ చదవండి.

విదేశాల సంగతికొస్తే, తెలుగు ఇళ్లలో అమెరికా అంటే ఎమ్మెస్, ఎమ్మెస్ అంటే లోన్. అదే అమెరికాలో సైన్స్, ఇంజినీరింగ్ పీహెచ్‌డీకి సీటొస్తే మామూలుగా ట్యూషన్ ఫీజు ఉండదు, పైగా నెలనెలా స్టైపెండ్ ఇస్తారు. బీటెక్ తర్వాత నేరుగా అప్లై చేయొచ్చు, ఐదారేళ్లు పడుతుంది. మధ్యలో క్వాలిఫయింగ్ పరీక్ష పోతే చాలాచోట్ల మాస్టర్స్ డిగ్రీ చేతిలో పెట్టి పంపిస్తారు. ఇక్కడ కూడా అదే ప్రశ్న వేయండి, డబ్బెవరిది? టీఏ (టీచింగ్ అసిస్టెంట్) అయితే డిపార్ట్‌మెంట్‌ది, ఆర్ఏ (రీసెర్చ్ అసిస్టెంట్) అయితే ప్రొఫెసర్ గ్రాంట్‌ది. ఆ గ్రాంట్లలో పెద్ద వాటా ఎన్‌ఎస్‌ఎఫ్, ఎన్‌ఐహెచ్ లాంటి ప్రభుత్వ సంస్థలదే. 2025లో అక్కడ గ్రాంట్లకి కోతపడేసరికి కొన్ని యూనివర్సిటీలు పీహెచ్‌డీ అడ్మిషన్లు తగ్గించుకున్నాయి. కాబట్టి ఆఫర్ లెటర్‌లో ఎన్నేళ్లకి హామీ ఇచ్చారన్న లైన్ ఇప్పుడు ర్యాంకింగ్ కంటే ముఖ్యం.

జర్మనీ, నెదర్లాండ్స్, స్వీడన్‌లలో పీహెచ్‌డీ చాలావరకు ఉద్యోగమే. ఖాళీ ప్రకటిస్తారు, సీవీ పంపుతాం, ఇంటర్వ్యూ చేస్తారు, కాంట్రాక్ట్ మీద సంతకం. జర్మనీ ప్రకటనల్లో "టీవీ-ఎల్ ఇ13, 65 శాతం" లాంటివి కనిపిస్తే, ప్రభుత్వ జీతాల పట్టికలో ఆ గ్రేడ్‌కి 65 శాతం జీతం అని అర్థం. మాస్టర్స్ లేకుండా అక్కడ సాధారణంగా కుదరదు. యూరప్ వాళ్ల మేరీ క్యూరీ డాక్టోరల్ నెట్‌వర్క్‌లు అన్ని దేశాలవాళ్లకీ తెరిచే ఉంటాయి, జీతం బాగుంటుంది, కానీ ఒక షరతు మనవాళ్లని దెబ్బతీస్తోంది. చేరే నాటికి ముందు 36 నెలల్లో ఆ దేశంలో 12 నెలలకి మించి ఉండి ఉండకూడదు. అంటే జర్మనీలో ఇప్పుడే ఎమ్మెస్ పూర్తిచేసిన అబ్బాయికి అదే నెట్‌వర్క్‌లో జర్మనీ పోస్టు రాదు, నెదర్లాండ్స్ పోస్టో ఫ్రాన్స్ పోస్టో రావచ్చు. గుంటూరులో కూర్చుని అప్లై చేసేవాడికి మాత్రం అన్ని దేశాల తలుపులూ తెరిచే ఉంటాయి.

దారి ఏదైనా గైడ్ గురించి ఆరా తీయడం మానొద్దు. మన దేశంలో దీనికి శోధ్‌గంగ ఉంది, యూనివర్సిటీల్లో ఇచ్చిన థీసిస్‌లు దాచే ఇన్‌ఫ్లిబ్‌నెట్ వాళ్ల సైట్. గైడ్ పేరుతో వెతికితే ఆయన దగ్గర పూర్తిచేసినవాళ్ల థీసిస్‌లు వస్తాయి, చాలావాటికి ఎప్పుడు రిజిస్టర్ అయ్యారో, ఎప్పుడు పూర్తయిందో కూడా రాసి ఉంటుంది. నలుగురికీ ఏడేళ్లు పట్టిందంటే మీకు నాలుగేళ్లలో అయిపోతుందనుకోవడం అత్యాశ. జేఆర్ఎఫ్ డబ్బు ఐదేళ్లకే ఆగిపోతుందని గుర్తుంది కదా, ఆ చివరి రెండేళ్లు ఎలా గడిచాయో ఆ స్కాలర్లనే అడగండి. ఇంకోటి, రిటైర్మెంట్‌కి మూడేళ్లలోపు ఉన్నవాళ్లు కొత్త స్కాలర్లని తీసుకోకూడదని యూజీసీ నిబంధన. ప్రొఫెసర్ ఎనిమిది మందిని, అసోసియేట్ ఆరుగురిని, అసిస్టెంట్ నలుగురిని మించి పెట్టుకోకూడదు. పెద్ద పేరున్న ప్రొఫెసర్ దగ్గర ఖాళీ లేకపోతే బాధపడక్కర్లేదు. కొత్తగా చేరిన అసిస్టెంట్ ప్రొఫెసర్‌కి మీరు మొదటి స్టూడెంట్ అయితే ఆయన రోజూ ల్యాబ్‌లో మీ పక్కనే ఉంటాడు, ఆయన కెరీర్ కూడా మీ పేపర్ మీదే ఆధారపడి ఉంటుంది మరి. ల్యాబ్ కట్టుకోవడంలోనే మీ మొదటి ఏడాది పోయే ప్రమాదం కూడా ఉందనుకోండి.

ప్రొఫెసర్‌కి మెయిల్ రాసేటప్పుడు "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ ప్యాషనేట్" అని మొదలుపెట్టి ఒకే మెయిల్ యాభై మందికి పంపితే ఎవరూ తెరవరు. ఆయన ఈమధ్య రాసిన పేపర్ ఒకటి చదివి, అందులో అర్థంకాని విషయం ఒకటి అడగండి, మీరు చేసిన పని నాలుగు లైన్లలో చెప్పండి. జవాబొచ్చి మాట కలిశాక సిగ్గుపడకుండా అడగాల్సినవి ఇవి: ఈ పోస్టుకి డబ్బు సంస్థదా, ప్రాజెక్టుదా? ప్రాజెక్టుదైతే ఏ నెలతో ముగుస్తుంది? పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ చేరిన ఎన్నాళ్లకి అవుతుంది? డబ్బు గురించి అడిగితే ఏమనుకుంటారో అని మనవాళ్లు వెనకాడతారు. మంచి గైడ్ ఏమీ అనుకోడు, ఆ ప్రశ్నకి చిరాకుపడేవాడి దగ్గర చేరకపోవడమే నయం.

తేదీల విషయానికొస్తే, గేట్ ఫిబ్రవరిలో ఉంటుంది, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. అమెరికా యూనివర్సిటీల గడువులు ఎక్కువగా డిసెంబర్‌లో ముగుస్తాయి, యూరప్ ఉద్యోగ ప్రకటనలు ఏడాది పొడవునా వస్తూనే ఉంటాయి. ఐఐటీలు చాలావరకు ఏడాదికి రెండుసార్లు స్కాలర్లని తీసుకుంటాయి, వేసవిలో ఒకసారి, డిసెంబర్-జనవరికి ఇంకోసారి. వేసవి ఇంటర్వ్యూలకి జనం విరగబడతారు. రెండో విడతకి పోటీ పలచబడుతుంది, కానీ అప్పటికి అన్ని గైడ్ల దగ్గరా చోటు మిగలదు, కాబట్టి అప్లై చేసేముందే ఆ డిపార్ట్‌మెంట్‌లో ఎవరు తీసుకుంటున్నారో మెయిల్ పెట్టి కనుక్కోండి.